టైరు చప్పుడు వినే చెవి

కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పట్టిన చేపలు ఐసుతో లారీ ఎక్కాక హౌరాకో, ఇంకా పైన అస్సాంకో చేరాలి. ఒక్క హౌరాకే వెయ్యి కిలోమీటర్ల పైమాట. ఐసు కరిగేలోగా సరుకు దిగాలి. ఆ తొందరంతా డ్రైవరు కళ్ల మీదే.

బయల్దేరేముందు అతన్ని గమనించండి. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూస్తాడు. గాలి నిండుగా ఉంటే ఖంగుమంటుంది, తగ్గితే మొద్దుగా పలుకుతుంది. జంట చక్రాల్లో లోపలి టైరు కంటికి సరిగా ఆనదు. దాని సంగతి చెవే చెప్పాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకునే నమ్ముకోడు, గేరు తగ్గించి ఇంజనుతో బండిని అదుపులో ఉంచుతాడు. ఈ విద్య లైసెన్సు పరీక్షతో రాదు, ఏళ్ల తరబడి క్లీనరుగా తిరిగితే వస్తుంది.

అలాంటి పనివాణ్ని ఎలా చూస్తున్నాం? మోటారు రవాణా కార్మికులకు రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే చట్టం వచ్చింది. రోడ్డు మీద ఆ లెక్క అడిగేవాళ్లేరీ? ఇద్దరు డ్రైవర్లు కావలసిన దూరానికి ఒక్కణ్నే పంపే ఓనర్లున్నారు. గోదాము గేటు దగ్గర సరుకు దించుకునే దిక్కులేక రోజంతా నిలబెడతారు. పోయిన ఆ కాలాన్ని డ్రైవరు తన నిద్రలోంచి పూడ్చుకోవాలి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ప్రమాదం జరిగితే మాత్రం తప్పు స్టీరింగ్ పట్టినవాడిదే, ట్రిప్పు టైము పెట్టినవాడి పేరు ఎక్కడా రాదు.

కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. గోదాముల దగ్గర స్నానానికి నీళ్లు, నడుం వాల్చే చోటు కూడా చూపించాలి.