హిస్టమిన్ చుక్క

ముంజేతి మీద వరసగా పెట్టిన చుక్కల్లో దుమ్ము పురుగుది ఏది, బొద్దింకది ఏది, వయ్యారిభామ పుప్పొడిది ఏది అని పరీక్షకు వచ్చినవాళ్లు అడుగుతుంటారు. నేను ముందు చూసేది హిస్టమిన్ చుక్కను. అలెర్జీ ఉన్నా లేకున్నా, సూది గుచ్చిన పావుగంటలో అక్కడ దోమ కుట్టినట్టు దద్దురు లేవాలి. లేవకపోతే మిగతా చుక్కల్ని కొలవడం దండగ. ఒంట్లో యాంటీహిస్టమిన్ ఉందేమోనని మొదట అనుమానిస్తాను.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అంటే, "ఏం లేవండీ" అనేస్తారు. సిట్రిజిన్‌ను మందుల్లో లెక్కేసేవాళ్లు మన దగ్గర తక్కువ. జలుబు మాత్ర, దగ్గు సిరప్, బస్సులో వాంతులు కాకుండా వేసుకునే మాత్ర, వీటిలో చాలావాటిలో యాంటీహిస్టమిన్ ఉంటుంది. నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ కూడా దద్దురును లేవనివ్వదు. అందుకే ఇప్పుడు నోటిమాట అడగడం మానేసి, ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని రమ్మంటున్నాను.

సిట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి వారం ముందు ఆపాలి. అవిల్ వంటి పాతవాటికి రెండు మూడు రోజులు చాలంటారు గానీ, నేను వాటికీ వారమే చెబుతాను. రెండు లెక్కలు చెబితే జనానికి చిన్నదే గుర్తుంటుంది! "నిన్నటి నుంచి మళ్లీ తుమ్ములండీ, మందు దిగిపోయింది" అన్నా నమ్మను. తుమ్ములు తిరిగొచ్చాక కూడా చర్మం తేరుకోవడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది.

ముక్కులో చేసే పరీక్ష సంగతి వేరు. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన చేతి మీద గీరుకుని, ముక్కులోనూ పెట్టుకుని చూసి, 1873లో ఆ ప్రయోగాలను పుస్తకంగా వేశాడు. ఆయనకు ఈ బెడద లేదు, యాంటీహిస్టమిన్‌లు కనిపెట్టింది 1930లలో. ఇవాళ మాత్ర వేసుకున్నవాళ్ల ముక్కులో అలెర్జీ పదార్థం వేస్తే తుమ్ములు, దురద, నీరు కారడం బాగా తగ్గుతాయి. దిబ్బడ అంతగా తగ్గదు, దానికి హిస్టమిన్‌తో పాటు ల్యూకోట్రయిన్ల వంటివీ కారణం. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రేది తిరకాసు వ్యవహారం: ముక్కు పరీక్షను చెడగొడుతుంది, చర్మ పరీక్షకు అడ్డు రాదు. ఆస్తమా ఇన్‌హేలర్‌ను మాత్రం ఈ ఆపమన్న మందులతో కలిపి ఎవరూ సొంతంగా మానేయకూడదు.

ఒంటినిండా దద్దుర్లతో రాత్రిళ్లు నిద్రపోనివాళ్లను వారం ఆగమనడానికి నాకు మనసొప్పదు. వాళ్లకు రక్తంలో ఐజీఈ పరీక్ష రాస్తాను. సిట్రిజిన్ వేసుకుని వచ్చినా ఆ ఫలితం మారదు, కాకపోతే రిపోర్టు పావుగంటలో చేతికి రాదు.