సగం చేసి అమ్మే ఇంజను

స్టీమ్ ఇంజను బొమ్మలు అమ్మేవాళ్లలో రెండు రకాలవాళ్లు ఉన్నారు. మొదటివాళ్లు పూర్తి ఇంజనే చేతికిస్తారు. స్పిరిట్ దీపం వెలిగిస్తే తిరుగుతుంది, చల్లారాక అల్మారాలో పెట్టేసుకోవచ్చు. 1930లలో బర్మింగ్‌హామ్‌లో మొదలైన మామోడ్ వాళ్లది ఆ దారి. రెండోవాళ్లు మొండిఘటాలు. వాళ్ల పెట్టె విప్పితే ఇసుక మరకలు కూడా వదలని పోత ముక్కలు, నాలుగు కడ్డీలు, ఒక డ్రాయింగు. ఇంజను మనమే చేసుకోవాలి. నాకు గౌరవం వీళ్లమీదే.

ఈ రెండో రకానికి పెద్దదిక్కు స్టువర్ట్ టర్నర్. ఇంగ్లండులో షిప్‌లేక్ కోర్ట్ అనే భవంతిలో స్టీమ్ ప్లాంటు చూసుకునే ఉద్యోగి. తీరిక దొరికినప్పుడు ఒక చిన్న ఇంజను గీసి, దానికి పోత పోయించుకున్నాడు. మోడల్ ఇంజినీర్ పత్రికలో దాని సంగతి వచ్చాక ఆ ముక్కలు మాకూ కావాలంటూ జనం అడగడం మొదలైంది. 1906లో కంపెనీ పెట్టాడు. బాయిలర్ దగ్గర డ్యూటీ చేసే మనిషి మొదలుపెట్టిన వ్యాపారమన్నమాట. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల శక్కర్‌నగర్ క్వార్టర్లలో అలాంటివాళ్లు ఎందరుండేవారో!

ఆ కంపెనీ టెన్ వీ అనే నిలువు ఇంజను సెట్టు నా దగ్గరుంది. రైలింజను జోలికి పోయేముందు చెయ్యి కుదరడానికి చాలామంది దీన్నే పట్టుకుంటారు. బోరు ముప్పావు అంగుళం, స్ట్రోకూ అంతే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ టర్నర్‌గా చేసి రిటైరైన చాచా దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన సిలిండర్ ముక్కను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు.

“ఆరు సూతుల బోరే గదా సారూ. పోసినోడు పనోడే. ఎంత మాలు ఇడ్వాల్నో గంతే ఇడ్సిండు. మనకు పని ఉంచిండు.”

కిట్టు చేసేవాడి నేర్పంతా ఆ మాటలోనే ఉంది. మాలు ఎక్కువ వదిలితే కొన్నవాడికి విసుగు, తక్కువ వదిలితే ముక్క పాడు. పోత ఇనుము పైపెంకు గట్టిగా ఉంటుంది. మొదటి కోతే పెంకు కిందికి దిగాలి, లేకుంటే టూలు మొన పోతుంది. చాచా లేత్ మీద ముక్క బిగించి ఆ మొదటి కోత వేస్తుంటే నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం నిజామాబాద్‌లో చికెన్ రేటు గురించి మాట్లాడుతున్నాడు.

రైలింజను డ్రాయింగు చూపిస్తే మాత్రం చాచాకు నచ్చలేదు. చక్కెర ఫ్యాక్టరీ మనిషికి ఆవిరంటే సొమ్ము. చెరకు పిప్పి కాల్చి పుట్టించిన ఆవిరితో యంత్రాలు తిప్పుకుంటారు, అక్కడ బలం తగ్గిన ఆవిరితోనే రసం మరిగిస్తారు. ఒక్క గుక్క వృథా కానివ్వరు. రైలింజను వాడిన ఆవిరిని పొగగొట్టంలోంచి ఊదేస్తుంది. “రైలోళ్లు దుబారా మనుషులు” అన్నాడు. ఆ ఊదుడే పొయ్యిలోకి గాలి లాగుతుందని, బండి ఎంత కష్టపడితే మంట అంత పెరుగుతుందని చెప్పాను. ఒప్పుకున్నట్టు తల ఊపాడు గానీ ఒప్పుకోలేదు.

ఈ ఏర్పాటు చిన్న ఇంజనులో పనిచేస్తుందా అన్నదానిమీద 1920లలో ఇంగ్లండు మోడల్ ఇంజను లోకం నిట్టనిలువునా చీలింది. బాయిలర్ల యుద్ధమనే పేరుపెట్టారు దానికి. సందేహానికి కారణం లేకపోలేదు. కొలతలన్నీ పదో వంతుకు తగ్గిస్తే బాయిలర్ ఉపరితలం నూరో వంతవుతుంది, లోపల పట్టే నీళ్లు వెయ్యో వంతవుతాయి. అంటే నీళ్ల లెక్కన చూస్తే వేడి పోయే దారి పదింతలు. నార్తాంప్టన్‌లోని బాసెట్ లోక్ కంపెనీ స్పిరిట్ దీపాల పక్షాన నిలిచింది. ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే కర్లీ లారెన్స్, రెండున్నర అంగుళాల గేజు మీద నడిచే తన ఆయేషా అనే ఇంజనులో నిజం బొగ్గే వేసి, దానితో మనుషుల్ని లాగించి చూపించాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆయన రాసిన వ్యాసాలు చూసే ఎందరో ఇంజన్లు కట్టుకున్నారు.

కానీ వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషు ఇంజన్లు. మన ఊరి ముందునుంచి వెళ్లినవి వైపీలు, వైజీలు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ ఉన్న రోజుల్లో ప్యాసింజరుకు వైపీ, గూడ్సుకు వైజీ. చిత్తరంజన్‌లో చివరి వైజీ తయారైంది 1972లో. జానకంపేట దగ్గర చీలి బోధన్‌కు వచ్చే లైను కూడా అప్పుడు మీటర్ గేజే. మూడున్నర అంగుళాల గేజు మీద వైపీ కట్టాలంటే కొలతలు పదకొండో వంతుకు కాస్త దిగువన వస్తాయి. పెద్ద చక్రం 122 మిల్లీమీటర్లు. టెండరుతో కలిపి పొడవు దాదాపు ఐదడుగుల ఏడంగుళాలు, అంటే నా అంత. మా ఇంట్లో ఏ బల్ల మీదా పట్టదు.

చాచా పనిచేసిన నిజాం షుగర్స్ 1937లో పుట్టింది, 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కడెక్కడికో పోయారు. చాచా లాంటివాళ్లు కొందరు మోటారు పంపుల షాఫ్టులు సరిచేస్తూ ఊళ్లోనే ఉన్నారు. ఇనప ముక్కను చూసి మాలు ఎంత ఉందో చెప్పగల కళ్లు అవి. వైపీ కిట్టంటూ ఒకటి పుట్టాలంటే ఆ కళ్లు ఉండగానే పుట్టాలని నా తొందర.

అందుకే చక్రానికి టేకు మూస చేయించి నిజామాబాద్‌లో పోత పోసే ఒకాయన దగ్గరికి వెళ్లాం. ఆయన మూసను చూడలేదు, మమ్మల్ని చూశాడు. “ఎన్ని సెట్లు?” అన్నాడు. ఒకటన్నాను. “ఒక్కదానికి భట్టీ ముట్టియ్య సారూ. పది జెప్పు, రేపే పోస్త.”

చాచా అక్కడికక్కడే తనకొకటి రాయించాడు, ఆవిరి దుబారా అయినా సరే. మిగతా ఎనిమిదింటి కోసం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైనవాళ్ల దాకా కబురు పంపాను.