'రసవాది' నవలయందు స్వప్నవిచారము

బ్రజిలు దేశీయుడగు పౌలో కొయెల్యో 1988లో పోర్చుగీసు భాషయందు ప్రకటించిన 'రసవాది' యను నవల, పిమ్మట పెక్కు భాషలలోనికి పరివర్తితమై లోకమున మిక్కిలి ప్రచారము గాంచినది. స్వప్నము ననుసరించి పోవువాడు తుదకు తన్ను తానెఱుగునని యిందలి యుపదేశముగా పాఠకులు చెప్పుదురు. ఆ యుపదేశము కథచే సిద్ధించుచున్నదా, లేక పాత్రల వాక్యములచే మాత్రము చెప్పబడుచున్నదా యనునది విచారణీయము.

కథాసంగ్రహ మిది. స్పెయిను దేశమున ఆండలూసియా సీమలోని గొఱ్ఱెలకాపరి సాంటియాగో, శిథిలమైన క్రైస్తవదేవాలయమున నిద్రించి, ఈజిప్టు పిరమిడ్ల చెంత నిధి యున్నట్లు రెండుమాఱులు కలగనును. గొఱ్ఱెల నమ్మి, సముద్రము దాటి, టాంజియరు నగరమున ధనము గోల్పోయి, ఒక స్ఫటికపాత్రల వర్తకునికడ ఏడాదికి దగ్గఱగా కొలువు చేయును. పిదప బిడారుతో ఎడారి దాటి పిరమిడ్లకడ త్రవ్వుచుండగా దోపిడిగాండ్రు వానిని గొట్టుదురు. వారి నాయకుడు, తానును అచ్చోటనే కల గంటిననియు, స్పెయినులోని యొక పాడుదేవాలయమున చెట్టుక్రింద నిధి కానవచ్చెననియు, కలను నమ్మి యెడారి దాటునంతటి వెఱ్ఱివాడను గాననియు పలికి పోవును. నిధి కాపరి బయలుదేరిన చోటనే యున్నది.

ఈ కథాబీజము నూతనము గాదు. 13వ శతాబ్దపు పారసీకకవి జలాలుద్దీన్ రూమీ రచించిన 'మస్నవీ' ఆఱవ సంపుటమునను, అరబ్బీ 'వేయిన్నొక్క రాత్రుల'లోను, బాగ్దాదు పురుషుడు నిధికై యీజిప్టునకు బోయి, అది తన యింటనే గలదని తెలిసికొనిన కథ యున్నది. అర్జెంటీనా రచయిత బోర్హెసు 1935లో దీనిని మరల చెప్పెను. బీజము పరకీయమగుట దోషము గాదు. ఉదయనకథను భాసుడును హర్షుడును గైకొనిరి గదా.

స్వప్నశబ్దము స్వప్ ధాతువునకు నన్ ప్రత్యయము చేరగా నిష్పన్నమైనది. దానికి నిద్రయు, నిద్రలో గానవచ్చునదియు నర్థములు. పోర్చుగీసు 'సోన్యు' పదమునకు నిద్రాదృశ్యముతోపాటు జీవితమున సాధింపదలచిన కోరికయు నర్థమే. నవల యీ రెండర్థముల నడుమ సంచరించుచున్నది.

ఈ భేదము నెఱిగి మువ్వురను బోల్చి చూడదగును. దోపిడినాయకునకు నిద్రాస్వప్నము గలదు, ప్రయత్నము లేదు, ఫలమును లేదు. స్ఫటికవర్తకునకు మక్కాయాత్ర చేయు కోరిక గలదు. అది నెఱవేఱినచో బ్రతుకుటకు వేఱొక యాధార ముండదని వెఱచి కదలడు. కాపరికి స్వప్నము, కోరిక, ప్రయత్నము మూడును గలవు, వానికే ఫలము. కావున నన్వయవ్యతిరేకములచే స్వప్నము నిమిత్తమాత్రమనియు, ప్రయత్నమే ప్రధానకారణమనియు కథ తానై ధ్వనింపజేయుచున్నది. వర్తకుని ఘట్టము గ్రంథమున నుత్తమభాగము. అచటి మాట యొక మనుష్యుని భయముగా నున్నదేకాని సిద్ధాంతముగా లేదు.

ఇట్లుండగా, కోరినవానికి విశ్వమంతయు తోడ్పడునను వాక్యమును సేలము రాజగు మెల్కిసెదెకుచే పలికించి, గ్రంథకర్త దానిని మరల మరల వాచ్యము గావించెను. మమ్మటుడు 'కావ్యప్రకాశము' సప్తమోల్లాసమున రసాదులకు జెప్పిన శబ్దవాచ్యత్వదోషము వంటిదే యిచట వస్తువునకు గలిగినది.

నీతికథయందు నీతి వాచ్యమగుట దోషమెట్లగునని శంక. పంచతంత్రమునందును నీతి వాచ్యమే. కాని యచట కథ నీతిని బలపఱచును. ఇందు వాచ్యము ధ్వనిని బలహీనపఱచుచున్నది. విశ్వమే ఫల మిచ్చునేని ప్రయత్న మన్యథాసిద్ధ మగును. అయిదేండ్లు మరకతమునకై ఱాళ్లు పగులగొట్టి విసిగిన మనుష్యునకు సయితము, ఆ రాజే ఱాయి రూపమున తోడ్పడినట్లు చెప్పబడినది. నిష్కపటముగా ప్రయత్నించియు ఫలము నొందనివాని కథ మాత్ర మిందు లేదు. అట్టి యువకుడు దీనిని జదివినచో, తన కోరికయే కపటమని తలంచి క్రుంగవచ్చును. ఓటమి వానియెడ నేరమై తోచును.

కావున విద్యార్థులచే దీనిని జదివించు పండితులు మెల్కిసెదెకు వాక్యము కంటె, ఒకే తీరు కల గన్న యిద్దఱి నడతను ముందుగా విమర్శింపజేయుట యుచితము. రాజవాక్యమును విడిచినను కథ నిలుచును. కథను విడిచినచో నా వాక్యము నిలువదు.