పొర తడి ఆరకుండా

హైడ్రోజన్‌తో నడిచే టయోటా వాళ్ళ మిరాయ్ కారు 2014 డిసెంబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. దాని గురించి రాసినవాళ్ళలో చాలామంది వెనక గొట్టం దగ్గరే ఆగిపోయారు: పొగకు బదులు నీళ్ళు కారతాయని. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిస్తే నీరు రావడం హైస్కూలు పాఠమే. ఆ కలయికలోంచి కరెంటు పుడుతుందని 1839 నాటికే విలియం గ్రోవ్ చూపించాడు. చూడాల్సిన పనితనం నీళ్ళు బయటికి రాకముందు, ముందు సీట్ల కింద అమర్చిన పెట్టెలో ఉంది.

ఆ పెట్టెలో 370 ఫ్యూయల్ సెల్‌లు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒక్కోటి 1.34 మిల్లీమీటర్ల మందం. ఒక్కో సెల్ ఇచ్చేది ఒక వోల్టు కూడా కాదు, అన్నీ కలిస్తే 114 కిలోవాట్లు. సెల్ నడుమ పల్చటి పొర, దానికి ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు గాలి. ప్లాటినం పూత హైడ్రోజన్‌ను ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడదీస్తుంది. పొర ప్రోటాన్లకు దారి ఇస్తుంది, ఎలక్ట్రాన్లకు ఇవ్వదు. దారి దొరకనివి తీగ వెంట మోటారు మీదుగా చుట్టు తిరిగి అవతలికి చేరాలి. కారు నడిచేది ఆ చుట్టుతిరుగుడుతోనే.

చిక్కంతా తడితో. పొర తడిగా ఉంటేనే ప్రోటాన్ దాటుతుంది. అలాగని గాలి వైపు పుట్టిన నీరు నిలిచిపోతే ఆక్సిజన్‌కు చోటుండదు. మిరప చేనుకు నీరు పెట్టే రైతు అవస్థే ఇది: ఆరితే వాడుతుంది, నిలిస్తే కుళ్ళుతుంది. అంతకుముందు గాలిని తడిపి పంపడానికి విడిగా ఒక పరికరం ఉండేది. మిరాయ్‌లో దాన్ని తీసేశారు. గాలి ఒక కొస నుంచి, హైడ్రోజన్ ఎదురు కొస నుంచి లోపలికి వచ్చేలా అమర్చారు. గాలి బయటికి పోయే కొసన నీరు ఎక్కువ. అది పొరలోంచి హైడ్రోజన్ వైపుకు ఊరుతుంది. ఎదురొచ్చే హైడ్రోజన్ ఆ తేమను మోసుకెళ్ళి, గాలి అప్పుడే ప్రవేశించే పొడి కొసను తడుపుతుంది. మిగులు నీటిని పొర దగ్గర నిలవనీయకుండా లాగేయడానికి సన్నటి లోహపు జల్లెడ. ఒక పరికరం చేసే పనిని వట్టి అమరికతో చేయించడం! ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 2020లో వచ్చిన రెండో మిరాయ్‌లో సెల్‌లు 330కి తగ్గాయి, శక్తి 128 కిలోవాట్లకు పెరిగింది. అందరూ మెచ్చుకున్న ఆ జల్లెడనూ తీసేసి, గాలి కాలువలను అక్కడక్కడ ఇరుకు చేసి సరిపెట్టారు. చేసిన మంచి పనిని వదులుకోగలగడానికీ నేర్పు కావాలి.

టాంకుల సంగతికొస్తే, కారు టైరులో గాలి రెండు బార్‌లకు కాస్త ఎక్కువ, వీటిలో 700 బార్‌లు. లోపల ప్లాస్టిక్ తొడుగు, దానిమీద బిగించి చుట్టిన కార్బన్ ఫైబర్. ఇంతా చేస్తే మొదటి మిరాయ్ రెండు టాంకుల్లో పట్టే హైడ్రోజన్ 5 కిలోలే. అయినా నింపడానికి ఐదు నిమిషాలు చాలు. చాలా బ్యాటరీ కార్లు ఇంకా ఈ సుఖం ఇవ్వలేదు.

కారు దాటి బయటికొస్తే కథ మారుతుంది. నీటిని చీల్చి కిలో హైడ్రోజన్ తీయడానికే 50 యూనిట్ల పైన కరెంటు కావాలి. తర్వాత దాన్ని అదిమి నింపాలి, మళ్ళీ కరెంటుగా మార్చాలి. మొదట్లో 100 యూనిట్లుంటే చక్రానికి చేరేవి 30 దాకా. అదే కరెంటు నేరుగా బ్యాటరీలోకి వెళ్తే 70 పైనే చేరుతుంది. పైగా ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో చాలా భాగం సహజవాయువు, బొగ్గుల నుంచి వస్తున్నదే. గొట్టం శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ శుభ్రం కాదు.

ఇక బంకులు. 2019 జూన్‌లో నార్వేలోని ఓస్లో శివార్లలో ఒక హైడ్రోజన్ బంకు పేలింది. విచారిస్తే, నిల్వ టాంకుకు బోల్టులు సరిగా బిగించలేదని తేలింది. కారులో మిల్లీమీటరులో వందో వంతు లెక్క చూసుకున్న శ్రద్ధ, బయట ఒక రెంచి దగ్గర లోపించింది. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ కాలిఫోర్నియాలో కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. మిరాయ్‌లు అమెరికాలో ఎక్కువగా తిరిగేది ఆ రాష్ట్రంలోనే.

మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ పుట్టే హైడ్రోజన్ ముందు ఎరువులకూ ఉక్కుకూ రిఫైనరీలకూ అందాలి. ఆ తర్వాత దూరం నడిచే లారీలకు. సొంత కారు వంతు చివర్లో. మిరాయ్ పనితనానికి నూటికి నూరు వేస్తాను, కొనమని మాత్రం ఎవరికీ చెప్పను.