కిటికీ పక్క ఒంటి సీటు

మొదటిసారి బిజినెస్ క్లాసులో ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు నాకు దొరికింది జంట సీట్లలో కిటికీ వైపుది. పక్కాయన సీటు పూర్తిగా వాల్చుకుని, కాళ్ళు చాపి నిద్రపోయారు. ఆయన్ని దాటితే గానీ నడవలోకి రాలేను. లేపడానికి మొహమాటం. బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని తొమ్మిది గంటలు నీళ్ళు కూడా సరిగా తాగలేదు. దిగేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. అంత డబ్బు పెట్టి కూడా నోరు తెరిచి ఒక్క మాట అడగలేకపోయానే అని చాలా రోజులు బాధపడ్డాను.

రైల్లో నలుగురితో వెళ్ళేటప్పుడు మన అవసరం ఎవరో ఒకరు కనిపెడతారు. "వదినా, కింది బెర్తు నువ్వు తీసుకో" అంటారు. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఆ మాట అనేవాళ్ళుండరు. మన కోసం మనమే అడగాలి, అదీ టికెట్టు కొన్న రోజు నుంచే.

ముందు సీట్ల పటం చూడాలి. వరసకి 1-2-1 అని ఉంటే ఎవరినీ దాటే పని లేదు. 2-2-2 అయితే నడవ పక్కదే మేలు. 1-2-1 అన్నీ కూడా ఒకేలా ఉండవు. కొన్ని విమానాల్లో ఒక వరసలో సీటు కిటికీని ఆనుకుని, బల్ల నడవ వైపు ఉంటుంది. తర్వాతి వరసలో సీటు నడవ మీదికి వచ్చేస్తుంది. కిటికీని ఆనుకున్నది ఎంచుకుంటే మధ్యలో బల్లే అడ్డుగోడ. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూసూట్ అనే సీటుకి తలుపే ఉంది. అందులో కిటికీకి బాగా దగ్గరగా ఉండేవి విమానం తోక వైపు తిరిగిన సీట్లు. వెనక్కి ప్రయాణిస్తే కళ్ళు తిరుగుతాయేమోనని భయపడ్డాను. గాల్లోకి లేచేటప్పుడు కాస్త వింతగా అనిపించింది, తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

బిజినెస్ క్లాసులో పూర్తిగా సమతలంగా వాలే పడకను 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తెచ్చింది. నా మట్టుకు ఈ టికెట్టు విలువంతా ఆ పడకలోనే ఉంది. షాంపేన్, పింగాణీ ప్లేట్లు ఆ తర్వాతే. పడుకున్నాక పాదాలు ముందు సీటు పక్కనుండే గూట్లోకి వెళతాయి. చాలా విమానాల్లో ఆ గూడు ఇరుకు. మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకునే నాలాంటివాళ్ళకి రాత్రంతా అవస్థే. మొదటి వరసలో మాత్రం గూడు సాధారణంగా విశాలంగా ఉంటుంది. పక్కనే వంటగది చప్పుడున్నా నేను అదే అడుగుతాను.

శంషాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళే విమానాల్లో తెల్లవారుజామున బయల్దేరేవి ఎక్కువ. లాంజ్‌లోనే నాలుగు ముద్దలు తినేసి, ఎక్కగానే "భోజనానికి లేపకండమ్మా" అని చెప్పేస్తాను. బెల్టు దుప్పటి మీదినుంచి పెట్టుకుంటాను. కుదుపులొచ్చినా బెల్టు కనిపిస్తుంది కాబట్టి సిబ్బంది తట్టి లేపరు.

పాత విమానాల్లో లోపలి గాలి దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది, అంటే ఊటీ కంటే పైన. ఎ350, 787 విమానాల్లో అది 6,000 అడుగుల దగ్గర ఉంటుంది. పొద్దున లేచాక తల తేలిగ్గా ఉండటం నాకు తెలుస్తుంది. విమానంలోని పొడి గాలికి, తక్కువ పీడనానికి నాలుకకి ఉప్పు, తీపి సరిగా ఆనవు. అందుకని భోజనంతో పాటు నిమ్మబద్ద అడుగుతాను. నీళ్ళ సీసా రెండోదీ అడుగుతాను.

డబ్బు విషయంలో నేను పాటించేది ఒకటే. కూడబెట్టిన మైళ్ళతో బిజినెస్ క్లాసుకి మారే వీలుంటే పొడవాటి ప్రయాణానికే వాడతాను. హైదరాబాద్ నుంచి దోహా నాలుగు గంటలు, ఎలాగోలా కూర్చోవచ్చు. దోహా నుంచి డల్లాస్ పదహారు గంటలు.

మొన్న ఆ పదహారు గంటల్లో ఏడు గంటలు ఒక్క నిద్ర తీశాను. డల్లాస్‌లో మా అమ్మాయి కారు తలుపు తీస్తూ ముందు నా పాదాల వైపు చూసింది. "ఈసారి వాచలేదేంటమ్మా!" అంది.