సున్నా వేరు, ఖాళీ వేరు

నాకు బట్టమేక పక్షి అంటే చిన్నప్పుడు నందికొట్కూరు వైపు పోయేటప్పుడు బోర్డు మీద చూసిన బొమ్మ. పక్షిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. ఆరు చదరపు కిలోమీటర్లు కాస్త దాటిన గడ్డి నేల అది. నేను పెరిగి, ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు చేరేలోపు ఆ పక్షి దాదాపు కథ అయిపోయింది. ఎందుకైంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. మేత, పంట మార్పిడి, కుక్కలు, కరెంటు తీగలు, చివరికి రక్షణ పెరిగాక ఎక్కువైన కృష్ణజింకల మీద రైతుల కోపం కూడా. అన్నీ నమ్మేలాగే ఉంటాయి. అదే నా ఇబ్బంది. కారణం నమ్మేలా ఉన్నంత మాత్రాన నిజం కాదు కదా. కథలు చదివే మనకి ఈ సంగతి బాగా తెలియాలి.

అందుకని ఒక పాత పేపర్ని ముందేసుకుని, విమర్శకులు కవితని విప్పినట్టు విప్పి చూద్దాం అనుకున్నా. 1953లో పి.ఎ.పి. మోరాన్ రాసింది. కెనడాలో లింక్స్ అనే అడవిపిల్లి సంఖ్య దాదాపు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. 1821 నుంచి 1934 దాకా మెకంజీ నది ప్రాంతానివి 114 ఏళ్ల లెక్కలున్నాయి. మోరాన్ వాటి లాగరిథమ్ తీసుకుని, ఈ ఏటి విలువ పోయిన ఏటిదీ అంతకు ముందటి ఏటిదీ కలిపితే వస్తుందన్నాడు. ఆయన గుణకాలు 1.41, మైనస్ 0.77. ఆ డేటా ఇప్పుడు ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంటుంది. నేను రెండు లైన్లు రాశాను, 1.38, మైనస్ 0.74 వచ్చాయి. అంచనా కట్టే పద్ధతి మారితే దశాంశాలు ఆ మాత్రం కదులుతాయి. డెబ్బై ఏళ్ల కిందటి మనిషి మాట నా లాప్‌టాప్‌లో ఐదు నిమిషాల్లో మళ్లీ పలికింది. ఒప్పుకుంటా, ఒళ్లు జలదరించింది.

కానీ నేను సరిచూసింది ఏంటి? ఆ లెక్కలు లింక్స్‌లవి కావు, బొచ్చు వ్యాపారంలోకి వచ్చిన తోళ్లవి. తోలు ధర పెరిగితే వేటగాళ్లు ఎక్కువమంది పోతారు. చలికాలం మరీ చెడ్డదైతే పోరు. నా కోడు మోరాన్ లెక్కని మాత్రమే రుజువు చేసింది, అడవిని కాదు. ఈ తేడా ఎంత దూరం పోతుందో 1973లో మైకేల్ గిల్పిన్ చూపించాడు. ఆయన పేపరు పేరే ‘కుందేళ్లు లింక్స్‌లను తింటాయా?’ అని. ఆ ప్రసిద్ధ గ్రాఫులో కొన్ని చోట్ల లింక్స్ ముందు పెరిగి, కుందేళ్లు తర్వాత పెరిగాయి. లెక్క ప్రకారం కుందేలే వేటాడుతోంది! రెండు గీతల అంకెలూ ఒకే ప్రాంతం నుంచి రాలేదన్న వివరణ తర్వాత వచ్చింది. అంకెలు అబద్ధం చెప్పలేదు. వాటిని పక్కపక్కన పెట్టిన చేతిని మనం చదవలేదు.

ఇక మన వైపు. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి సంగతి చూడండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక రికార్డు లేదు. అందరూ అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి పూట టార్చి వెలుగులో పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అతనిలాంటి వాళ్లకి చెప్పి వెతికించారు కాబట్టే అది జరిగింది. 86 ఏళ్ల ఆ ఖాళీని టేబుల్లో ఏమని నింపాలి? సున్నా అని పెట్టినవాళ్లు తప్పు చేశారు. ప్రోగ్రామర్లకి ఈ తేడా మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. సున్నా అంటే వెతికాం, లేదు. ఖాళీ అంటే వెతకలేదు, లేదా వెతికినా దొరకలేదు. రెండూ ఒకటే అనుకున్న కోడు రాత్రికి రాత్రి కూలిపోతుంది. ఇక్కడ కూలేది కోడు కాదు. తెలుగు గంగ కాలువ ఆ పొదల గుండా పోబోయినప్పుడు, పక్షి ఉందన్న ఆధారాల వల్లే పరిరక్షకులు సుప్రీంకోర్టు సాధికార కమిటీ దాకా పోగలిగారు, కాలువ దారి మారింది. టేబుల్లో సున్నా ఉండి ఉంటే?

ఆ ఆధారాలు ఎలా వచ్చాయో చదివితే నాకు గౌరవం కలుగుతుంది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, మరుసటి రోజు అడుగుల గుర్తులు చూశారు. ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచగా ఉన్నా పక్షి ఉండదని తేల్చారు. పద్ధతి ఇంత విడమరిచి రాస్తే మరొకరు పోయి మళ్లీ చేయొచ్చు. పద్ధతి మిగిలిందంటే ఆ పేపరు బతికున్నట్టే.

మన డేటాకి ఇంకో చిక్కుంది. పాత ఇంగ్లీషు పత్రాల్లో కడప ‘కడ్డపా’. 2005లో స్పెల్లింగు మారింది, 2010లో జిల్లా పేరే మారింది. 2022లో రోళ్లపాడు కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకి పోయింది. పక్షి కదలకుండానే దాని చిరునామా మారింది. జిల్లా పేరుతో వెతికే ప్రోగ్రాముకి సగం చరిత్ర కనపడదు.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటారా? 1926లో ఉడ్నీ యూల్ అనే ఆయన, ఏళ్ల తరబడి ఒకే వైపు జరిగే రెండు వరుసలు ఊరికే కలిసినట్టు కనిపిస్తాయని చూపించాడు. ఇంగ్లండు చర్చి పెళ్లిళ్ల నిష్పత్తీ మరణాల రేటూ కలిసి తగ్గితే, రెంటి మధ్యా 0.95 సహసంబంధం వచ్చింది. పెళ్లి చావుకి కారణమా? మన రాయలసీమ కథల మీద రాసే వ్యాసాల్లో ‘కరువు వల్ల ఫ్యాక్షన్’ అన్న వాక్యం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. నేనూ రాశాను. ఏ ఏళ్ల కరువు, ఏ ఊళ్ల గొడవలు, ఎవరు లెక్కపెట్టారు అని ఒక్కసారీ అడగలేదు. తప్పని అనడం లేదు. ఎవరూ మళ్లీ చేసి చూడలేని వాక్యం అంటున్నా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తోళ్ల ఖాతాలు రాసుకున్న వ్యాపార కంపెనీ ఉండబట్టి కెనడాకి 114 ఏళ్లు దొరికాయి. మనకి అలాంటిది లేదు, ఎవరి మీదా నింద వేయలేం. ఇకనుంచైనా ఎండలో నిలబడి లెక్కపెట్టిన వాళ్ల నోటుబుక్కులు గ్రాఫుతో పాటు బయటికి రావాలి. చూడని రోజులు చూడలేదని రాసి ఉండాలి. రోళ్లపాడు గడ్డిలో రేపు ఎవరైనా ఏమీ కనపడక తిరిగొస్తే, సున్నా రాసే ముందు ఎన్ని గంటలు నిలబడ్డారో కూడా రాయమని నా మనవి.