నాలుగు మూలలూ నిలవాలి

డార్క్ రూమ్ ప్రింటు అందం గురించి మాట వస్తే అందరూ లెన్సు పేరే ఎత్తుతారు. ప్రింటు అంచుల దాకా పదునుగా రావాలంటే లెన్సు కన్నా ముందు, నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్ కుదురుగా ఉండాలి. నెగెటివ్ కూర్చునే చోటు, లెన్స్ బోర్డు, కాగితం పరిచే ఈజిల్, ఈ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక్కటి ఒరిగినా మధ్యలో ముఖం నిక్కచ్చిగానే పడుతుంది, ఒక మూల మాత్రం అలుక్కుపోతుంది. నింద పోయి ఎల్-నిక్కోర్ లాంటి మేలిరకం లెన్సు మీద పడుతుంది.

ఈ వంకర తీసే పనితనం చూసి తీరాల్సిందే. ముందుగా రసమట్టాన్ని ఈజిల్ మీదా, నెగెటివ్ చోటులోనూ ఒకే దిశలో ఉంచి, బుడగ రెండు చోట్లా ఒకే గీత దగ్గర ఆగేలా ఎన్‌లార్జర్ తలను సరిచేస్తారు. బల్ల మట్టంగా లేకపోయినా ఫరవాలేదు, రెండూ ఒకేలా ఒరిగి ఉంటే చాలు. తర్వాత లెన్స్ బోర్డు వంతు. చివరగా అసలు పరీక్ష. వెలుగు తగిలి నల్లబడ్డ ఫిల్మ్ ముక్క మీద నడుమా, నాలుగు మూలలా సూదితో గీతలు గీసి, లెన్సును పూర్తిగా తెరిచి, ఈజిల్ మీద పెట్టి చూసే భూతద్దం లాంటి గ్రెయిన్ ఫోకసర్‌లోంచి ఒక్కో గీతనూ చూస్తారు. మసకబారిన మూలే వంకర ఎటుందో చెప్పేస్తుంది.

లెన్సును ఎఫ్/8కు మూస్తే సరిపోదా, ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఎనిమిదింతలు పెద్దది చేసేటప్పుడు నెగెటివ్ దగ్గర 0.1 మిల్లీమీటరు తేడా ఈజిల్ దగ్గర 6.4 మిల్లీమీటర్లవుతుంది, ఎందుకంటే అది పెంపు వర్గంతో పెరుగుతుంది. ఎఫ్/8 దాన్ని చాలావరకు కప్పేస్తుంది, నిజమే. కానీ ఆ వెసులుబాటు దీపం వేడికి నెగెటివ్ ఉబ్బినప్పుడు ఆదుకోవడానికి ఉన్నది. దాన్ని ముందే వంకరకు ఖర్చు చేస్తే మిగిలేదేమిటి? ఇంకా మూద్దామంటే ఎఫ్/16 దగ్గర వివర్తనమే పదును తినేస్తుంది. ఫోకోమాట్ ఎన్‌లార్జర్‌కు ఈ బాధ లేదంటారు మరికొందరు. కండెన్సరుతోనే నెగెటివ్‌ను అదిమిపట్టే ఆ లైట్జ్ యంత్రానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అయినా దశాబ్దాలు వాడి, చోట్లు మార్చిన ఏ యంత్రాన్నయినా పరీక్షించకుండా నమ్మకూడదు.

మహానుభావుల పని చూస్తే ఈ మాట విలువ తెలుస్తుంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ ఫ్రేమును కత్తిరించవద్దనేవాడు. ఆయన నెగెటివ్‌లను పారిస్ పిక్టో ల్యాబులో అంచు దాకా ప్రింటు చేసిన వోయా మిత్రోవిచ్‌కు మూలల్లో తప్పు దాచుకునే చోటే లేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన 'మూన్‌రైజ్' చూడండి. పైన చంద్రుడు, దిగువన సమాధుల మీద తెల్లని సిలువలు. రెండూ కళ్లకు కట్టినట్టుంటేనే అది ఆ ఫొటో.

ఇలాంటి ప్రింట్లకు కావలసిన నలుపు తెలుపు కాగితం తయారీని కొడాక్ ఆపేస్తున్నట్టు 2005లో ప్రకటించింది. అంతకన్నా బాధ కలిగించేది నకిలీ. ఫోన్లో ఒక మీట నొక్కి గ్రెయిన్ చల్లేసి దాన్ని డార్క్ రూమ్ అందమంటున్నారు! ఆ మచ్చలు వెండి రేణువులు కావు, వాటి వెనక ఎవరి చెయ్యీ లేదు. మన ఊళ్లలో పాత స్టూడియోల అటకల మీద ఎన్‌లార్జర్లు ఇంకా ఉంటే దయచేసి పాత ఇనుము కింద అమ్మకండి. దుమ్ము తుడిచి, సూది గీతల ఫిల్మ్ ముక్క ఒకటి పెట్టి నాలుగు మూలలూ చూడండి. సరిదిద్దితే అవి ఇప్పటికీ మేలైన ప్రింటు ఇస్తాయి.